మా అమ్మ ఓటు కోసం బుర్సా దాకా

మా అమ్మని టర్కీలో బుర్సా అనే ఊరికి ప్రేమకొద్దీ తీసుకెళ్ళానని వీధిలో అందరికీ చెప్పుకున్నాను. అది అబద్ధమేమీ కాదు గానీ అందులో సగం లంచం. మిగిలిన సగంలో కూడా కొంత మా అన్నయ్య మీద పోటీ.

మేం ఉండేది బర్మాలో. రేవు పక్కన అహ్లోన్‌లో అమ్మ ఉంటున్న చెక్క ఇల్లు పడగొట్టి మేడ కడతామని ఇంటివాళ్ళు కబురు పెట్టారు. వానలు పడేలోగా ఖాళీ చెయ్యాలన్నారు. మా తాత రేవులో బియ్యం బస్తాలు మోసిన రోజుల నుంచీ మేం అద్దెకున్న ఇల్లది. ఇల్లు పోతున్నందుకు అమ్మ పెద్దగా బాధపడలేదు. "సెదలు తిన్నంత తిన్నాయి, మిగిలింది ఆళ్ళు పడగొట్టుకుంటారు" అని ఊరుకుంది. అసలు చిక్కు ఆ తరవాత మొదలైంది. ఇప్పుడు అమ్మ ఎక్కడుండాలి?

అన్నయ్యది తన్లిన్‌లో సొంత ఇల్లు. వంతెన దాటి వెళ్ళాలి గానీ, ముందు కాస్త జాగా, ఒక మామిడి చెట్టు, వదిన చేతి వంట, ఏ లోటూ లేదు. నాది సేక్కాన్‌లో ఆరో అంతస్తు, లిఫ్టు లేదు. బాల్కనీ నుంచి వీధిలోకి ఒక తాడు వేలాడుతుంటుంది, దాని చివర క్లిప్పు. కూరగాయలవాడు సంచీ దానికి తగిలిస్తే పైకి లాక్కుంటాం. "అమ్మని కూడా అలాగే లాగుతావేటే?" అని అన్నయ్య వెటకారం. నాకు మొగుడూ పిల్లలూ లేరు. షిప్పింగ్ ఆఫీసులో కాగితాల పని. సాయంత్రం ఇంటికొస్తే గోడలతో మాట్లాడుకోవాలి. నాకు అమ్మ కావాలి. అన్నయ్యకీ కావాలి. అమ్మని నువ్వు చూడంటే నువ్వు చూడని కొట్టుకునే ఇళ్ళు చూశాం గానీ, నాకంటే నాకని కొట్టుకోవడం మా ఇంట్లోనే.

"నీకెక్కడ ఉండాలని ఉందమ్మా?" అని ఎన్నిసార్లు అడిగినా ఆవిడది ఒకటే మాట.

"మీ ఇష్టం."

అడగందే అమ్మైనా పెట్టదంటారు. మా ఇంట్లో అమ్మే ఏదీ అడగదు. బర్మా వాళ్ళకి ఆనాదే అని ఒక మాట ఉంది. ఎదుటివాళ్ళకి ఎక్కడ ఇబ్బంది కలుగుతుందో అని మన కోరికని మనమే మింగేసుకోవడం. మన మొహమాటం దానికి చెల్లెలి వరస, అంత ముదురు కాదు. మా అమ్మకి రెండూ ఉన్నాయి. మొహమాటం మా తాతతో పాటు ఓడెక్కి వచ్చింది, ఆనాదే ఇక్కడి గాలికి అంటుకుంది. అలాగని నోట్లో నాలుక లేని మనిషి అనుకునేరు. ఎదురింటావిడ తరఫున చేపల బజారులో అమ్మ పెట్టే పోట్లాట వింటే గంపలో చేపలు లేచి కూర్చోవాలి. తన కోసం మాత్రం నోరు పెగలదు.

ఆ ఎదురింటావిడ గురించి చెప్పాలి. బర్మా ఆవిడ, అమ్మ ఈడుదే. పొద్దున్నే ఇంటి ముందు రెండు బల్లలు వేసి మొహింగా అమ్ముతుంది. మొహింగా అంటే చేపల పులుసులో బియ్యపు సేమ్యా, పైన కరకరలాడే శనగపప్పు వడ నలిపి వెయ్యాలి. పులుసు ఆవిడది, వడలు అమ్మవి. నలభై ఏళ్ళుగా తెల్లారేసరికి అమ్మ బాండీ ఎక్కించాల్సిందే. ఆ పొగకి కళ్ళు ఎర్రబడతాయి, ఆ నూనెకి చేతుల మీద మచ్చలు. చిన్నప్పుడు నేనూ అన్నయ్యా ఆ వాసనకే నిద్ర లేచేవాళ్ళం. అందుకే ఓట్ల కోసం ఎంత కొట్టుకున్నా ఒక్క విషయంలో మాత్రం మా ఇద్దరి హామీ ఒకటే: ఎవరింటికి వచ్చినా సరే, అమ్మ ఇక బాండీ ముట్టుకోనక్కర్లేదు.

అన్నయ్య ప్రచారం జోరుగా సాగింది. అమ్మ కోసం ఒక గదికి రంగు వెయ్యడం మొదలెట్టాడు. కరెంటు ఉన్న వేళ చూసుకుని వీడియో కాల్ చేసి ఒక్కో గోడా చూపించేవాడు. లేత ఆకుపచ్చ బాగుందా, నీలం బాగుందా అనేవాడు. అమ్మ "రెండూ బాగున్నాయిరా" అనేది. పాపం, ఒక గోడ ఆకుపచ్చ, ఒక గోడ నీలం వేశాడు.

అన్నయ్య దగ్గర లేనిది నా దగ్గర ఒకటుంది. టర్కీ సీరియల్. రెండేళ్ళుగా ప్రతి ఆదివారం అమ్మ పక్కన కూర్చుని ఫోన్లో చూసేదాన్ని, అడుగున బర్మా అక్షరాలు వస్తాయి. అందులో ఒక మామయ్య ఉన్నాడు. పెళ్ళైనా, జబ్బైనా, తగువైనా, ప్రతిదానికీ బుర్సా వెళ్ళిపోతాడు. ఒకరోజు కొండా, చెట్లూ, పాత మసీదులూ కనిపించాయి. "ఊరు పచ్చగా ఉందే" అంది అమ్మ. నా నలభై ఆరేళ్ళలో అమ్మ కోరికకి అంత దగ్గరగా వచ్చిన మాట నేను వినలేదు. పెళ్ళి కోసం అని దాచుకున్నది ఇంకెందుకని టిక్కెట్లు కొనేశాను. అమ్మకి చెప్తే "నీ ఇష్టం" అంది. అన్నయ్యకి చివర్లో చెప్పాను.

"ఇది అన్నేయమే" అన్నాడు.

"నువ్వు రంగులేసుకో" అన్నాను.

అమ్మ చీర మీద అన్నయ్య కోటు తొడుక్కుంది, అది మోకాళ్ళ దాకా వచ్చింది. నుదుట బొట్టు, కాళ్ళకి రెండు జతల మేజోళ్ళు. ఇస్తాంబుల్ నుంచి ఓడలో సముద్రం దాటుతుంటే అందరూ పక్షులకి రొట్టె ముక్కలు విసురుతూ ఫోటోలు తీసుకుంటున్నారు. అమ్మ మాత్రం రేవులో క్రేన్లు లెక్కపెట్టింది. "మన కాడ ఉన్నయ్యేనే" అంది తృప్తిగా. రేవు కూలీల ఇంటి పిల్ల కదా, ఎక్కడికెళ్ళినా ముందు సరుకు దించే చోటే చూస్తుంది.

బుర్సాని చూసి నేనైతే నోరెళ్ళబెట్టాను. పెద్ద కొండ ఒళ్ళో ఊరు. కొండ నెత్తిన మంచు, నడుం చుట్టూ అడవి, కాళ్ళ దగ్గర గుమ్మటాలు. వీధి చివరికొచ్చి తలెత్తితే చాలు, ఏదో ఒక పచ్చదనం కనిపిస్తుంది. ఇలాంటి ఊళ్ళో ఎవరైనా మనసు విప్పుతారని నా ధైర్యం.

మొదటిరోజు పెద్ద మసీదుకి వెళ్ళాం. వీధిలోంచి ఆవరణలోకి అడుగు పెట్టామో లేదో, నేను వెనక్కి తిరిగి చూసేసరికి అమ్మ బూట్లూ రెండు జతల మేజోళ్ళూ విప్పేసి సంచీలో పెట్టుకుని వట్టి కాళ్ళతో నిలబడింది. మా దగ్గర బుద్ధుడి పగోడాకి వెళ్తే కింది మెట్టు దగ్గరే చెప్పులు విడుస్తాం, మేజోళ్ళు కూడా ఉండకూడదు. అమ్మ లెక్కలో దేవుడెవరైనా పద్ధతి ఒకటే. అక్కడ మాత్రం లోపలి తలుపు దాకా అందరూ బూట్లతోనే నడుస్తున్నారు. రాళ్ళు చూస్తే ఐసు.

"ఓలె గుంటా, కాళ్ళు కొరికేస్తన్నాయే" అంది.

"మరి తొడుక్కోవే!"

"ఇప్పేసినాక మళ్ళీ తొడిగితే బాగోదు. ఆళ్ళేటనుకుంటారు?"

ఆళ్ళేమీ అనుకోలేదు. కాపలా ఆయన పరుగున వచ్చి, చెయ్యి అడ్డం పెట్టి, అమ్మ సంచీకేసి, కాళ్ళకేసి చూపిస్తూ బతిమాలాడు. అమ్మ ఆయనకి దణ్ణం పెట్టి, అలాగే వట్టి కాళ్ళతో గబగబా లోపలికి నడిచింది. లోపల తివాచీలు వెచ్చగా ఉన్నాయి. గుమ్మటం కింద, మసీదు మధ్యలోనే, నీళ్ళు దూకే రాతి తొట్టి ఉంది. అమ్మ దాని పక్కన పాదాలు చీర కుచ్చిళ్ళ కింద దాచుకుని చాలాసేపు ఆ చప్పుడు వింటూ కూర్చుంది. ఇదే సమయం అనుకుని "సేక్కాన్‌లో కూడా మా బాల్కనీ నుంచి నది కనిపిస్తాది కదమ్మా" అన్నాను. "కనిపిస్తాది" అంది. అంతే. ఒక్క ఓటూ రాలలేదు.

రెండోరోజు పట్టుబజారు. పూర్వం పట్టుగూళ్ళు అమ్మిన రెండంతస్తుల రాతి కట్టడం, మధ్యలో చెట్ల కింద టీ బల్లలు, చుట్టూ వరండాల్లో కొట్లు. మేడ మీద ఒక పాత కొట్టులోకి దూరాం. కొట్టు ఒక ముసలాయనది, మూల ముక్కాలిపీట మీద ఆయన భార్య అల్లుకుంటూ కూర్చుంది. అమ్మ పట్టు రుమాళ్ళని వేళ్ళ మధ్య నలిపి చూస్తుంటే ఆయన ముచ్చటపడి, వరండా మీంచి కిందకి ఒక కేక వేశాడు. మీసాలాయన ఒకడు గొలుసులకి వేలాడుతూ ఊగే పళ్ళెంలో టీ తెచ్చాడు. నడుం సన్నగా ఉండే చిన్న గాజు గ్లాసు, ఎర్రటి టీ, పక్కన బుల్లి చెంచా.

ఇక్కడ మా అమ్మ పద్ధతి చెప్పాలి. ఎవరైనా ఇచ్చినది వదిలెయ్యడం ఆవిడ దృష్టిలో మహా పాపం. అందుకని గటగటా తాగేసి, ఖాళీ గ్లాసు పెట్టి, అయిపోయిందన్నట్టు నవ్వుతుంది. వాళ్ళ పద్ధతేమో, గ్లాసు ఖాళీ అయితే అతిథికి ఇంకా కావాలన్నమాట. రెండో గ్లాసు వచ్చింది. అమ్మ దాన్ని ఇంకా తొందరగా ముగించింది, బేగి అయిపోతే బేగి వెళ్ళిపోవచ్చని. మూడోది వచ్చింది. ఈవిడ ఎంత వేగంగా తాగితే వాళ్ళకి అంత ముచ్చట. నాలుగు, అయిదు. "వద్దని చెప్పవే" అన్నాను. "ఊరికే ఇస్తన్నారు, ఎలా సెప్పేది? ఆనాదే" అంది పళ్ళ బిగువున. నేను చెప్పబోతే నా కాలు తొక్కింది. మొహమాటానికి పోతే కడుపైందని ముతక సామెత ఒకటుంది. మా అమ్మకి డెబ్భై ఏళ్ళ వయసులో ఆ ముచ్చటా తీరేలా ఉంది, పొట్టనిండా టీయే.

ఏడో గ్లాసు ఖాళీ అయ్యేసరికి అమ్మ కళ్ళు తేలేసింది. అప్పుడు మూలనున్న ఆ భార్య అల్లిక పక్కన పెట్టి లేచి వచ్చింది. ఏమీ మాట్లాడకుండా అమ్మ చెంచా తీసి, గ్లాసు మూతి మీద అడ్డంగా పెట్టి, వెళ్ళి మళ్ళీ కూర్చుంది. ఎనిమిదో గ్లాసు పట్టుకొస్తున్న మీసాలాయన గుమ్మంలోంచి చెంచా చూశాడు. తల పంకించి, వచ్చిన దారినే వెళ్ళిపోయాడు.

అమ్మ నోరు తెరుచుకుని చూసింది.

"అంతేనేటి? ఎల్లిపోయాడు! కోపం రానేదేటి?"

"ఎందుకొస్తాది? చాలన్నావు, చాలనుకున్నాడు."

అమ్మకి నమ్మకం కుదరలేదు. చెంచా తీసి పక్కన పెట్టింది. కొట్టాయన ఇంకో టీకి కేక వెయ్యడానికి వరండాకేసి నడిచాడు. అమ్మ గబుక్కున మళ్ళీ చెంచా అడ్డం పెట్టింది. ఆయన ఆగి వెనక్కి వచ్చాడు. మళ్ళీ తీసింది, మళ్ళీ పెట్టింది. మూడోసారికి ఆయనకి ఆట అర్థమై పడీ పడీ నవ్వాడు, ఆయన భార్య కూడా. మా అమ్మ చిన్నపిల్లలా చప్పట్లు కొట్టింది. నేను సిగ్గుతో రుమాళ్ళ వెనక దాక్కున్నాను.

ఆ సాయంత్రం హోటల్లో ఆవిడకి పని దొరికింది. సూపు గిన్నె మీద చెంచా. పెరుగు కప్పు మీద చెంచా. అన్నయ్య అక్కడ చీకట్లో టార్చి వేసి వీడియోలో మామిడి పిందెలు చూపిస్తూ నాలుగో పిందె దగ్గరకి వచ్చేసరికి, ఫోన్ మీద కూడా చెంచా అడ్డం పెట్టింది. అన్నయ్యకి ఏమీ అర్థం కాక, "నెట్టు పోయిందేటి?" అన్నాడు. నేను కడుపు పట్టుకుని నవ్వాను. పోటీదారుకి నష్టం జరుగుతుంటే నాకు సంతోషమే మరి.

మర్నాడు ఆఖరిరోజు. కొండ మీదకి తాడు మీద వెళ్ళే గాజు పెట్టె ఎక్కాం. అందులో మేమిద్దరమే. కింద అడవి, అందులో అక్కడక్కడా మంచు. దిగి పారిపోవడానికి వీల్లేని చోటు అని నేను కావాలనే ఎంచుకున్నాను.

"అమ్మా, ఊరెళ్ళగానే సామాన్లు కట్టాల. ఇప్పుడైనా సెప్పు. నా దగ్గరా, అన్న దగ్గరా?"

"మీ ఇద్దరూ అనుకుని సెప్పండమ్మా. మీ ఇష్టం."

నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని ఆఫీసులో అందరికీ తెలుసు. ఆ రోజు కొండకీ తెలిసింది. "మా ఇష్టం ఎవరడిగారు? ఇంత దూరం తీసుకొచ్చి అడుగుతున్నది నీ ఇష్టం! ఒక్కసారి, ఒక్కసారంటే ఒక్కసారి, నాకిది కావాలని అనలేవా?" అని అరిచాను. గాజు పెట్టెలో అరిస్తే ఆ అరుపు మళ్ళీ మన చెవిలోనే పడుతుంది. అమ్మ ముఖం అద్దం వైపు తిప్పుకుంది. నాకు నా మీదే అసహ్యం వేసింది గానీ క్షమించమనడానికి నోరు రాలేదు.

పైన మంచు మోకాలి లోతు. అమ్మ వంగి ఒక పిడికెడు తీసి, వాసన చూసి, పారేసింది. ఎండలో ఒక బల్ల దగ్గర కూర్చున్నాం. కాసేపటికి అమ్మ కోటు గుండీలు పెట్టుకుంటూ, నాకేసి చూడకుండా అంది.

"ఆ సెంచా పెట్టినప్పుడు ఆ ముసలాయన కోపగించుకోనేదు. నువ్వూ కోపగించుకోవు కదా?"

"ఎందుకమ్మా? సెప్పు."

"నాను నీ దగ్గరికీ రాను, మీ అన్న దగ్గరికీ ఎల్లను."

నేను ఆవిడకేసి తిరిగాను.

"ఎదురింటావిడ ఎనక గది ఖాళీగా ఉంది. నా మంచం పడతాది, దేవుడి పటాలు పడతాయి. ఇల్లు ఖాళీ సెయ్యమన్న వారంలోనే ఆవిడా నానూ మాటాడుకున్నాం."

"మరి ఇన్నాళ్ళూ ఎందుకు సెప్పలేదు?"

"ఎలా సెప్పేది? ఆడు గోడలకి రంగులేస్తన్నాడు, నువ్వు టిక్కెట్లు కొనీసినావు. పైగా ఇద్దరూ బాండీ ముట్టుకోనీమంటారు. నాకదే బయం. తెల్లారి లేచి వడలెయ్యకపోతే నాను ఏటి సెయ్యాల, మీ గోడలు సూసుకుంటా కూకోవాలా? నా వడ నేకపోతే ఆ మొహింగా ఎవలూ ముట్టుకోరు. నాను సెప్పడం కాదు, తినేవోళ్ళే అంటారు."

అమ్మ చేతులు బల్ల మీద ఉన్నాయి. ఆ నూనె మచ్చలు చూసి నేను నలభై ఏళ్ళుగా జాలిపడుతున్నాను. ఆవిడకి అవి గర్వమని నాకు ఎప్పుడూ తట్టలేదు. నేనూ అన్నయ్యా "ఎవరి దగ్గర" అని మాత్రమే అడిగాం. ఎవరి దగ్గరా కాకుండా ఉండొచ్చన్న ఆలోచన మా ప్రశ్నలోనే లేదు. నాకు ఏడుపు వచ్చింది. ఓడిపోయినందుకు కాదని చెప్పుకుందామనుకున్నాను గానీ, ఓడిపోయినందుకే వచ్చింది. ఆ ఆరో అంతస్తులో అమ్మ మంచం ఎక్కడ వెయ్యాలో కూడా కొలిచి పెట్టుకున్నాను మరి.

"పోనీలే, నీకిష్టమైన బుర్సా అయినా సూపించాను" అన్నాను ముక్కు తుడుచుకుంటూ.

అమ్మ తటపటాయించింది. "ఆ సీరియల్ అంటే నీకు పానం కదా అని పక్కన కూకునేదాన్ని."

"నాకా? నీకిష్టమని కదే నేను చూసింది! నాకు ఆ మామయ్యని చూస్తే ఒళ్ళుమంట."

"నాకూను" అంది అమ్మ.

ఒకళ్ళ మొహం ఒకళ్ళం చూసుకున్నాం. ఇద్దరికీ నచ్చని సీరియల్ని, ఒకరి కోసం ఒకరం, రెండేళ్ళు, ఒక్క ఆదివారం కూడా మానకుండా చూశాం. అమ్మ ముందు నవ్వింది. తరవాత నేను. పక్క బల్లవాళ్ళు తిరిగి చూసేంత నవ్వు. "ఊరు మాత్రం బాగుందే" అంది అమ్మ కళ్ళు ఒత్తుకుంటూ. "ఆ నీళ్ళ మసీదు మరీ బాగుంది."

అన్నయ్యకి ఫోన్ చేశాను. అక్కడ మధ్యాహ్నం. చేతిలో బ్రష్షుతో కనిపించాడు.

"అన్నా, ఓడిపోయాం."

"ఎవలు?"

"ఇద్దరం."

సంగతంతా చెప్పాను. అన్నయ్య బొమ్మ కదలకుండా ఉండిపోయింది, నెట్టు ఆగిందనుకున్నాను. ఆగలేదు. అతనే కదల్లేదు.

"అమ్మే సెప్పిందా? తన నోటితో?"

"తన నోటితోనే."

"నువ్వేం మాటలు పెట్టనేదు కదా?"

"పెడితే నాకు అనుకూలంగా పెట్టుకోనా?"

అది నిజమేననిపించినట్టుంది. బ్రష్షు కింద పెట్టి, "ఒకపాలి అమ్మకియ్యి. నానూ ఇనాల" అన్నాడు.

ఇచ్చాను. అమ్మ ఫోన్ని రెండు చేతులా పట్టుకుని, గొంతు సవరించుకుంది.

"నాకు ఆ గదే గావాల్రా" అంది.

అన్నయ్య మొహం తుడుచుకున్నాడు, బుగ్గ నిండా ఆకుపచ్చ రంగు పూసుకుంది. కోపమొచ్చిందేమోనని అమ్మ నాకేసి బెరుగ్గా చూసింది. అన్నయ్య ఫోన్‌ని మొహానికి బాగా దగ్గరగా పెట్టుకున్నాడు.

"ఇంకోపాలి అనమ్మా" అన్నాడు.

అమ్మ మళ్ళీ అంది, ఈసారి గట్టిగా.